ఓపెన్‌ప్రాసెసింగ్: లవ్ గుర్తులు బోలెడు, గట్టి మాట కరువు

కోడ్ రాసి బొమ్మలు కదిలించేవాళ్లు నెల్లూరులో, ఒంగోలులో ఇప్పుడు తక్కువేం లేరు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, ఫ్లెక్సీ డిజైన్ షాపుల కుర్రాళ్లు, చీరల డిజైన్లు కంప్యూటర్‌లో వేసేవాళ్లు... ఎవరో ఒకరు పీఫైవ్ అనే కోడ్ లైబ్రరీతో చేసిన ముక్క వాట్సాప్ గ్రూపులో పడేస్తూనే ఉంటారు. కింద పది చప్పట్లు, ఐదు నిప్పులు, ‘సూపర్ అన్నా’, ‘కేక’. అంతటితో దాని ఆయుష్షు తీరిపోతుంది. ఎందుకు బాగుంది, ఎక్కడ తేలిపోయింది అన్న మాట ఎవరూ ఎత్తరు. ఎత్తిన ఒక్కడినీ ‘నీకెందుకబ్బయా అంత కుళ్లు’ అని కూర్చోబెడతారు.

ఈ సమీక్ష, కోడ్ బొమ్మలు పెట్టుకునే ఓపెన్‌ప్రాసెసింగ్ అనే వెబ్‌సైట్ గురించి, అదీ ఒక్క కోణంలోనే. బొమ్మలు దాచుకోడానికి అదెంత బాగుందన్న సంగతి చాలామంది చెప్పారు. ఒకరి పని మీద ఇంకొకరు నోరు విప్పి వాదించుకోడానికి అది పనికొస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న. మార్కులు ముందే వేసేస్తున్నాం: 10కి 6. ఆ 6లో 5 మార్కులు ఫోర్క్ బటన్‌వే, అంటే అవతలివారి పనిని కాపీ చేసుకుని మార్చుకోనిచ్చే బటన్‌వి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బొమ్మలు గీయడానికి వీలైన ప్రాసెసింగ్ అనే భాషను ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో మొదలుపెట్టారు. బ్రౌజర్‌లో నడిచేలా దాన్ని జావాస్క్రిప్ట్‌లోకి తెచ్చిన పీఫైవ్‌ను లారెన్ మెకార్తీ 2013లో ఎత్తుకున్నారు. ఇలాంటి పనులు పెట్టుకునే చోటుగా ఓపెన్‌ప్రాసెసింగ్ 2008 నుంచి నడుస్తోంది. ఖాతా ఉచితం, కొన్ని అదనపు సౌకర్యాలకు మాత్రం ప్లస్ సభ్యత్వం కొనాలి. వాదించుకోడానికి ఆ డబ్బు కట్టే పనేం లేదు. డేటా ఖర్చు కూడా స్వల్పం. వీడియోలా కాకుండా, కోడ్ ఫైలూ పీఫైవ్ లైబ్రరీ సుమారు 1 ఎంబీ దిగితే చాలు, బొమ్మ మన ఫోన్‌లోనే తయారవుతుంది.

ఒక్కో పని పేజీలో నడిచే బొమ్మ, దాని కోడ్, చేసినవాళ్లు రాసిన వివరణ, లవ్ గుర్తు, కామెంట్లు, ఫోర్క్ ఉంటాయి. లవ్ గుర్తు చేసే మేలు శూన్యం. పది మంది నొక్కారంటే పది మంది చూశారని మాత్రమే అర్థం. ఫోర్క్ సంగతి వేరు. అవతలివారి పని మొత్తం మన ఖాతాలోకి కాపీ అవుతుంది, మనం మార్చుకోవచ్చు, మూలం ఎవరిదో పేజీలో కనబడుతూనే ఉంటుంది. అంటే ‘నీ బొమ్మలో కదలిక తప్పు’ అని ఊరికే అనకుండా, సరైన కదలిక ఏదో చేసి చూపించొచ్చు. కవిత్వం మీద విమర్శ రాసేవాళ్లకు ఈ వసతి లేదు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. పులికాట్ సరస్సు ఫ్లెమింగోల మీద పని చెయ్యని కోడర్ మన వైపు దొరకడం కష్టం. (2022లో జిల్లాలు విడగొట్టాక పులికాట్ వైపు, వెంకటగిరి వైపు తిరుపతి జిల్లాలోకి పోయాయి. అది కాగితం మీది సంగతి, నెల్లూరువాళ్ల నోట్లో రెండూ ఇంకా మనవే.) ఈ పనుల్లో చాలావాటికి తల్లి ఒక్కటే: పీఫైవ్ వాళ్లు ఇచ్చిన పిట్టల గుంపు ఉదాహరణ. దాని మూలం క్రెయిగ్ రెనాల్డ్స్ 1987లో ప్రచురించిన బాయిడ్స్ పద్ధతి. ప్రతి పిట్టకీ మూడు నియమాలు: పక్కదానికి మరీ దగ్గరగా పోకూడదు, చుట్టూ ఉన్నవి ఎటు పోతుంటే అటు పోవాలి, గుంపు మధ్యకి జరగాలి. పీఫైవ్ ఉదాహరణలో పిట్టలు 100, ఎడం 25 పిక్సెళ్లు, చుట్టుపక్కల అంటే 50 పిక్సెళ్లు, అత్యధిక వేగం ఫ్రేముకి 3, మలుపు బలం 0.05, ఎడం నియమానికి 1.5 రెట్లు బరువు. మనవాళ్లు చేసేదల్లా త్రికోణాలకు గులాబీ రంగు పూసి, వెనక నీలం పెట్టి, ‘పులికాట్’ అని పేరు తగిలించడం.

లవ్ గుర్తులు కురుస్తాయి. కానీ సూళ్లూరుపేట దగ్గర పుట్టి పెరిగినవాడెవడైనా చూస్తే మొదటి మాట ‘ఏందబ్బయా, ఫ్లెమింగోలు ఇట్ట ఎగరతాయా?’ అనే అంటాడు. ఎగరవు. మెడ ముందుకీ కాళ్లు వెనక్కీ చాచి, వరసగా, కొన్నిసార్లు వీ ఆకారంలో పోతాయి. ఆ కోడ్ చూపిస్తున్నది గోరింకల గుంపు తిరుగుడు: ఉండలా కట్టుకుని, విడిపోయి, మళ్లీ కట్టుకోవడం. రంగు కూడా తప్పే. పెద్ద ఫ్లెమింగో ఒళ్లు దాదాపు తెలుపు, లేత గులాబీ ఛాయ. రెక్క విప్పినప్పుడే ఎరుపూ నలుపూ కనబడతాయి. పిల్ల పిట్టలైతే బూడిద రంగు. నూరు పిట్టలకీ ఒకటే గులాబీ పూశారంటే, చూసింది పిట్టను కాదు పోస్టర్‌ను.

ఇది విమర్శ. కష్టపడ్డవాడి మనసు కొంచెం చివుక్కుమంటుంది, కానీ చేతికి పని దొరుకుతుంది. ఇప్పుడు ఫోర్క్ చేసి మార్చడం ఎలాగో చూడండి. గుంపు మధ్యకి జరిగే నియమాన్ని తీసెయ్యాలి. దాని బదులు ప్రతి పిట్టా తన ముందున్నవాటిలో అతి దగ్గరి ఒక్కదాన్ని ఎంచుకోవాలి. ముందున్నదా కాదా అన్నది తన వేగం దిశకీ ఆ పిట్ట ఉన్న దిశకీ మధ్య కోణంతో తేలుతుంది, 60 డిగ్రీల లోపుంటే ముందున్నట్టు. ఎంచుకున్న పిట్టకు 30 పిక్సెళ్లు వెనక, 12 పిక్సెళ్లు పక్కన ఉన్న చోటుకి తల తిప్పాలి. ముందు ఎవరూ లేని పిట్ట తనంతట తానే నాయకి అవుతుంది, దాని దారికి కొంచెం నాయిజ్ ఫంక్షన్ (మెల్లగా మారే యాదృచ్ఛిక అంకెలిచ్చేది) కలిపితే సరి. కొద్ది సెకన్లలో వరస కడుతుంది.

ఇక్కడ ఒకటి చెడుతుంది. ఉదాహరణలో అంచు దాటిన పిట్ట అవతలి అంచు నుంచి మళ్లీ వస్తుంది. నాయకి కుడి అంచు దాటి ఎడమకి రాగానే అది అందరికీ వెనకదైపోతుంది, వరస తెగి గందరగోళం. అంచుకి అవతల 200 పిక్సెళ్లు అదనంగా వదిలితే కొంత నయం. వరస పొడవు అంతకన్నా ఎక్కువైతే మాత్రం వరస మొత్తం బయటికి పోయేదాకా ఆగి, అందర్నీ ఒకేసారి తిరిగి ప్రవేశపెట్టడమే దారి.

ఫోర్క్ చేసినవాళ్లు తప్పక చెయ్యాల్సింది ఒకటుంది. మార్చిన ప్రతి కోడ్ వరస పక్కనా కామెంట్‌లో ‘మార్పు’ అని తెలుగులోనే రాసి, ఎందుకు మార్చారో ఒక్క వాక్యం పెట్టాలి. తర్వాత మూలం పేజీలో కామెంట్ కింద ఫోర్క్ లింక్ ఇవ్వాలి. ఇది చెయ్యకపోతే అసలు మనిషికి వాడి బొమ్మ దొంగిలించినట్టే కనబడుతుంది. చాలా తగాదాలు ఇక్కడే పుడతాయి, వాటికీ కళకీ సంబంధం లేదు.

వివరణ పెట్టెను మనవాళ్లు వృథా చేస్తున్నంతగా ఇంకెవరూ చెయ్యరేమో. ‘మై ఫస్ట్ స్కెచ్, ప్లీజ్ సపోర్ట్’ అని రాసుంటుంది. సపోర్ట్ దేనికి? పని ఏం చెయ్యాలనుకుంటోందో అక్కడ రాయకపోతే అది నెగ్గిందో ఓడిందో తేల్చే గజం ఉండదు. ‘ఫ్లెమింగోలు నేల మీంచి లేచేటప్పుడు వరస ఎలా పడుతుందో చూపాలనుకున్నాను’ అని ఉంటే విమర్శకుడికి పట్టు దొరుకుతుంది. ‘రంగుల లయ మాత్రమే నా ఉద్దేశం, పిట్టల నిజం నాకు పట్టదు’ అని ఉన్నా సరే. అప్పుడు పైన చెప్పిన విమర్శలో సగం చెల్లదు, రంగుల మీదే మాట్లాడాలి. వాదన న్యాయంగా సాగాలంటే ఆ రెండు వరసలు కావాలి.

ఇంకో పెద్ద చిక్కు: అందరూ ఒకే బొమ్మ చూడకపోవడం. ఒకడు ‘మూల ఖాళీగా ఉంది’ అంటాడు, ఇంకొకడి తెరలో ఆ మూలే కిక్కిరిసి ఉంటుంది. కోడ్‌లో రాండమ్ (యాదృచ్ఛిక అంకెలిచ్చే ఫంక్షన్) ఉంటే పేజీ తెరిచిన ప్రతిసారీ వేరే బొమ్మ వస్తుంది. విమర్శకు పెట్టే పనిలో సెటప్ (మొదట ఒక్కసారి నడిచే కోడ్ భాగం) మొదటి వరసగా రాండమ్‌సీడ్, నాయిజ్‌సీడ్ రెండింటికీ ఒక అంకె ఇచ్చి తీరాలి, అదే అంకెకు ఎప్పుడూ అదే బొమ్మ వస్తుంది. ఆ అంకె తెర మీద ఒక మూల చిన్నగా రాయాలి, ఎస్ కీ నొక్కితే మారేలా పెట్టుకోవాలి. అప్పుడు ‘417లో ఎడమ కింద గీతలు ముద్దయ్యాయి, 52లో అవలేదు’ అని మాట్లాడుకోవచ్చు. సీడ్ ఇచ్చినా బొమ్మ మారుతోందంటే రెండు చోట్ల వెతకండి. ఒకటి, జావాస్క్రిప్ట్ సొంత మ్యాథ్ రాండమ్‌ను ఎక్కడన్నా వాడారేమో, పీఫైవ్ సీడ్‌కి అది లొంగదు. రెండోది చాలామందికి తట్టదు: పీఫైవ్ 1.x వెర్షన్లలో వెక్టర్ రాండమ్2డీ లోపల వాడేది ఆ మ్యాథ్ రాండమ్‌నే. దాని బదులు ఫ్రమ్‌యాంగిల్‌కి సున్నా నుంచి టూపై దాకా పీఫైవ్ రాండమ్ ఇస్తే సమస్య తీరుతుంది.

వేగం సంగతీ అంతే. ఫ్రేముకి 3 పిక్సెళ్లు అంటే, సెకనుకి 60 ఫ్రేములు నడిచే ల్యాప్‌టాప్‌లో 180 పిక్సెళ్లు, 25 ఫ్రేములకి కూలబడే ఫోన్‌లో 75. ఇద్దరు మనుషులు ఒకే పని చూసి ఒకరు ‘హడావిడి’, ఒకరు ‘బద్ధకం’ అని కొట్టుకుంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వేగాన్ని సెకనుకి 180గా పెట్టుకుని డెల్టాటైమ్‌తో (గత ఫ్రేముకి పట్టిన మిల్లీసెకన్లు) గుణించి 1000తో భాగించండి. పిట్టల లెక్కకి కూడా కళ్లెం వెయ్యాలి. ఉదాహరణ కోడ్ మూడు నియమాలకూ మూడుసార్లు అందర్నీ అందరితో పోలుస్తుంది: 100 పిట్టలకి ఫ్రేముకి 30,000 పోలికలు, 400 చేస్తే 4,80,000. నాలుగు రెట్లు పిట్టలకి పదహారు రెట్లు పని. మూడు నియమాలనూ ఒకే లూపులో కలిపితే అందులో మూడోవంతుకి దిగుతుంది. పిక్సెళ్లను ఒక్కొక్కటిగా మార్చే పనులకైతే పిక్సెల్‌డెన్సిటీ (కోడ్‌లోని ఒక పిక్సెల్‌కి తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని పిక్సెళ్లో చెప్పే అంకె) 1 అని పెట్టాలి. డెన్సిటీ 3 ఉన్న ఫోన్‌లో పిక్సెళ్లు తొమ్మిది రెట్లు, పైగా లెక్క తప్పి బొమ్మ ఒక మూలకి నక్కుతుంది. శబ్దం ఉన్న పనుల్లో మొదట వచ్చే కామెంట్ ‘సౌండ్ రావట్లేదు బ్రో’. తెరను తాకేదాకా బ్రౌజర్లు శబ్దాన్ని ఆపి ఉంచుతాయి, కాబట్టి ‘తాకండి’ అని తెర మీద రాసి, తాకినప్పుడు యూజర్‌స్టార్ట్‌ఆడియో పిలవాలి.

తెలుగు అక్షరాలతో పని చేసేవాళ్లకి అదనపు శిక్ష ఉంది. పీఫైవ్ 1.xలో లోడ్‌ఫాంట్‌తో తెలుగు ఫాంటు ఎక్కించి ‘శ్రీ’ రాస్తే వత్తు విడిపోయి, గుడిదీర్ఘం ఎటో పోతుంది. లోపల ఉన్న ఫాంటు లైబ్రరీకి మన వత్తుల కలయిక తెలియదు. ఇక కామెంట్లన్నీ ‘స్పెల్లింగ్ తప్పు’ అనే. పని మీద మాటే ఉండదు. మందు ఇది: ఫాంటును ఇండెక్స్ ఫైల్‌లో గూగుల్ ఫాంట్స్ లింక్‌గా పెట్టి, టెక్స్ట్‌ఫాంట్‌కి మండలి అనో రామభద్ర అనో ఇంగ్లిషు అక్షరాల్లో పేరు మాత్రమే ఇవ్వండి. అప్పుడు అక్షరం కూర్చేది బ్రౌజర్, వత్తులు సరిగ్గా పడతాయి. 3డీ బొమ్మలకి వాడే వెబ్‌జీఎల్ మోడ్‌లో ఈ చిట్కా చెల్లదు. క్రియేట్‌గ్రాఫిక్స్‌తో మామూలు 2డీ కాగితం ఒకటి తీసుకుని, దాని మీద రాసి, దాన్ని బొమ్మగా అంటించాలి. నోలూప్ (ఒక్కసారి గీసి ఆపేది) వాడిన పనుల్లో ఫాంటు దిగకముందే మొదటి ఫ్రేము గీసేసి ఆగిపోతుంది, వేరే ఫాంటులోనే ఉండిపోతుంది. ఫాంటు వచ్చిందని బ్రౌజర్ చెప్పాక రీడ్రా పిలవండి. అక్షరాన్ని చుక్కలుగా విడగొట్టే టెక్స్ట్‌టుపాయింట్స్‌ను తెలుగుకి నమ్మొద్దు. కనిపించని కాన్వాస్ మీద అక్షరం రాసి, నల్ల పిక్సెళ్లు ఎక్కడున్నాయో చదువుకుని చుక్కలు తీయడమే మేలు.

ఇవన్నీ సర్దుకున్నాక కూడా ఓపెన్‌ప్రాసెసింగ్‌కి నాలుగు మార్కులు ఎందుకు తగ్గాయంటే, మాట్లాడాల్సిన మనుషులు అక్కడ లేరు. ఇంగ్లిషు బటన్లు, ఖాతా, లాగిన్. కోడ్ రాసేవాళ్లు కోడ్ రాసేవాళ్లకే చూపించుకుంటారు. వెంకటగిరి అంచు తీసుకుని కోడ్‌తో వెయ్యి రకాలు పుట్టించే పనులు చూస్తే ఇది తెలుస్తుంది. తెర మీద కళ్లు చెదురుతాయి. మగ్గం మీద నేతపని తెలిసిన మనిషి రెండు నిమిషాలు చూసి, ‘ఇది మగ్గం ఎక్కదు’ అంటాడు. ఆ రెండు నిమిషాల మాట వెయ్యి లవ్ గుర్తుల పెట్టు.

ఎందుకు ఎక్కదు? మొదటిది వెడల్పు. జకార్డుకి (మగ్గం మీద డిజైను కోసం పడుగు పోగులు ఎత్తే యంత్రం) 240 హుక్కులు ఉంటే, తిరిగి మొదలవకుండా డిజైను అడ్డంగా 240 పడుగు పోగుల్లో ముగియాలి. 300 గళ్ల డిజైనులో 60 గళ్లకి చోటే లేదు. ఒక్కో పేక వరసకి ఒక్కో అట్ట గుచ్చాలి, కాబట్టి ఎక్కడా తిరిగిరాని 3,000 వరసల డిజైను అంటే 3,000 అట్టలు. కోడర్‌కి ‘అనంతమైన వైవిధ్యం’ గొప్పగా వినిపిస్తుంది, అట్టలు గుచ్చేవాడికి అది పిచ్చితనం. రెండోది ఆకారం. అంగుళానికి పడుగు 100, పేక 80 అయితే ఒక గడి వెడల్పు 0.01 అంగుళం, ఎత్తు 0.0125. తెర మీద గుండ్రంగా ఉన్న చుక్క బట్టలో నిలువు కోడిగుడ్డవుతుంది. గడిని 4:5గా గీసి చూపిస్తేనే నిజం కనబడుతుంది. మూడోది వెనకవైపు. బుటాకీ బుటాకీ మధ్య అదనపు పేక బట్ట అడుగున వేలాడుతుంది, గాజుకి తగులుకుని తెగుతుంది. వెంకటగిరి జాందానీ గొప్పతనమే బుటా ఉన్నంత మేరకే పోగు చేత్తో తిప్పి రెండు వైపులా శుభ్రంగా ఉంచడం. కోడ్‌లో ఒక్కో వరసలో పోగు ఆగకుండా ఎన్ని గళ్లు దాటుతోందో లెక్కపెట్టి, హద్దు మించినచోట ఎర్రగా చూపే నాలుగు వరసల ఫంక్షన్ రాయడం తేలిక. ఆ హద్దు ఎంతన్నది మాత్రం నేసేవాళ్లనే అడగాలి, పోగు లావును బట్టి మారుతుంది.

ఆ మాట తెచ్చుకునే దారి లింకు పంపడం కాదు. గడికి 1 మి.మీ. వెడల్పు, 1.25 మి.మీ. ఎత్తు పెట్టి, ప్రతి పదో గీతా లావుగా గీసి ప్రింటు తీయాలి. 240 గళ్లంటే 240 మి.మీ., ఏ4 వెడల్పు 210 మాత్రమే, పట్టదు. ఏ3 తీయండి, పొడవులో 300 వరసలకి 375 మి.మీ. పోతుంది, కాగితం 420 ఉంటుంది. ప్రింటు డైలాగ్‌లో ‘పేజీకి సరిపెట్టు’ అన్నది తీసెయ్యకపోతే కొలతలన్నీ తప్పుతాయి. ఎర్ర పెన్ను ఇచ్చి కాగితం మీదే గీయమనండి. ఆ కాగితం ఫొటో తీసి, అన్న మాటలు అన్నట్టే తెలుగులో టైపు చేసి, వారు ఒప్పుకుంటేనే పేరుతో, లేకపోతే పేరు లేకుండా, పని పేజీలో పెట్టండి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ను షేడర్‌లో (ప్రతి పిక్సెల్ రంగునీ గ్రాఫిక్స్ చిప్ మీద లెక్కగట్టే కోడ్) చేసేవాళ్లకీ ఇదే మాట. నల్ల తెర మీద తెల్ల చుక్కలు చల్లితే అది అమావాస్య ఆకాశం, రాయి కాదు. రాయిలో మెరిసేవి బ్రాంజైట్ పలుకులు, రాగి బంగారం కలిసిన రంగు, పలక వంచితే కొన్ని ఆరిపోయి కొన్ని వెలుగుతాయి. పాలిష్ పట్టేవాళ్లు ఒక్క చూపులో చెప్పే సంగతి ఇది.

మర్యాద అడ్డొస్తోంది కదా అనేవాళ్లుంటారు. సీనియర్ని అన్నా అని పిలిచి, ఆ వెంటనే నీ బొమ్మ తేలిపోయిందని ఎలా అనడం? తిక్కన ఊరి పక్క వాళ్లం మనం అడగాల్సిన ప్రశ్న కాదిది. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిది మంది కూర్చుని అవధానిని అడుగడుగునా అడ్డుకుంటారు, ఎవరూ దాన్ని అమర్యాద అనుకోరు. ఎందుకంటే ఎవరు ఏ విధంగా అడ్డుకోవాలో ముందే తేల్చుకుని కూర్చుంటారు. మన కామెంట్లలో ఉన్నది ఒక్క అప్రస్తుత ప్రసంగం మాత్రమే, మిగతా ఏడు కుర్చీలూ ఖాళీ. నలుగురు కలిసి ఒక పనిని చూసేటప్పుడు పాత్రలు పంచుకోండి. ఒకరు కోడ్ నడిచే తీరు, ఒకరు చెప్పిన ఉద్దేశానికీ బొమ్మకీ పొంతన, ఒకరు ఇదివరకు ఎవరు చేశారన్న చరిత్ర. నాలుగోవాళ్లు నిషిద్ధాక్షరి: పనికి ఆధారంగా కనబడుతున్న ఒక్కదాన్ని నిషేధించాలి. ఫ్లెమింగో పని మీద ‘గులాబీ రంగు నిషిద్ధం, నలుపు తెలుపుల్లో నడిపించు’ అనండి. అప్పుడూ ఫ్లెమింగోలా కనబడితే కదలికలో సత్తా ఉన్నట్టు. ఏ పిట్టో తెలియకుండా పోతే, ఇన్నాళ్లూ రంగే మోసిందని అడగకుండానే తేలిపోతుంది. ఫిల్ వరస ఒక్కటి మారిస్తే చాలు, నిమిషం పని. ఇంతకన్నా చవకైన పరీక్ష మాకు తెలియదు.

మిగతా సర్వీసులతో పోల్చితే? పీఫైవ్ వాళ్ల సొంత వెబ్ ఎడిటర్ నేర్చుకోడానికి హాయిగా ఉంటుంది, తెర మీద చూపే ఫుల్‌స్క్రీన్ లింకూ కోడ్ చూపే ఎడిట్ లింకూ విడివిడిగా ఇస్తుంది. కానీ అది రాతబల్ల, సభ కాదు. ఇంకో విషయం, ఎక్కువసేపు తిరిగే లూపుల్ని అది మధ్యలో తెంపేస్తుంది. సెటప్‌లో లక్ష గీతలు గీసే పని సగంలో ఆగి, చూసేవాళ్లకి ‘ఖాళీ వదలడం బాగుంది’ అనిపించే ప్రమాదం ఉంది. కింద కన్సోల్‌లో హెచ్చరిక వస్తుంది, చూడండి. కోడ్ పైన రెండు అడ్డగీతలు పెట్టి నోప్రొటెక్ట్ అని రాస్తే ఆ కాపలా తప్పుకుంటుంది. లూపు నిజంగానే అంతులేనిదైతే ట్యాబ్ బిగుసుకుపోతుంది, కాబట్టి ముందు సేవ్ చేసుకోవాలి.

ఇన్‌స్టాగ్రామ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. అక్కడ చూసేది పని కాదు, దాని వీడియో. వీడియో కుదింపులో రంగు వివరం వెలుగు వివరంలో నాలుగోవంతే మిగులుతుంది, అందుకే నల్ల నేల మీద ఒక పిక్సెల్ ఎర్ర గీత అలుక్కుపోయి గోధుమరంగు మరకవుతుంది. సన్న ఇసుకలాంటి గింజదనం పూర్తిగా చస్తుంది. ‘మసకగా ఉందేంటి’ అన్న కామెంట్‌కి జవాబుదారీ కోడర్ కాదు. వాట్సాప్‌లోనూ అంతే. వీడియోనే పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు కుదించదు. గ్రూపుల అసలు ఇబ్బంది వేరే: సాయంత్రానికి వాదన పైకి జరిగిపోయి, శుభోదయాల కింద కప్పబడిపోతుంది. మూడు నెలల తర్వాత అదే తప్పు చేసే ఇంకో కుర్రాడికి అది దొరకదు. ఓపెన్‌ప్రాసెసింగ్‌లో పని పక్కనే మాట ఉండిపోతుంది, ఆ మిగిలిన ఒక మార్కు అందుకే.

లైసెన్సు దగ్గర ఒక జాగ్రత్త. పని పెట్టేటప్పుడు క్రియేటివ్ కామన్స్ రకాల్లోంచి ఎంచుకోవచ్చు. వ్యాపారానికి వాడకూడదన్న షరతు ఉన్న రకం పెడితే, మీ అంచు నచ్చిన నేతగాడు దాన్ని చీర మీద నేసి అమ్మకూడదు, విడిగా మీ అనుమతి తీసుకోవాలి. ఇతరుల పనిని ఫోర్క్ చేసి మీరు చీరల షాపుకి డిజైను అమ్మాలన్నా అదే అడ్డు. అలాగే పంచాలన్న షరతు ఉంటే మీ మార్పుల్నీ అదే లైసెన్సుతో బయట పెట్టాలి. ఫోర్క్ నొక్కే ముందే ఆ ఒక్క వరస చదవండి.

పెట్టిన పని ఎల్లకాలం అక్కడే ఉంటుందని కూర్చోవద్దు. వెబ్‌లో బొమ్మలు కదిలించిన ఫ్లాష్‌ను అడోబీ 2020 డిసెంబర్ 31తో ఆపేసి, 2021 జనవరి 12 నుంచి ప్లేయర్‌లో నడవకుండా చేసింది. దాంతో రెండు దశాబ్దాల కదిలే బొమ్మలు ఒక్కసారిగా మూగబోయాయి, ఫ్లాష్ ఫైళ్లను దాని బదులుగా నడిపించే రఫుల్ లాంటి ఎమ్యులేటర్లతో కొన్నే తిరిగి నడుస్తున్నాయి. కాబట్టి ప్రతి పనికీ మీ దగ్గర ఒక ఫోల్డర్: కోడ్, వాడిన పీఫైవ్ ఫైలు దాని వెర్షన్ అంకెతో సహా, ఫాంటు ఫైలు, మాట్లాడుకున్న సీడ్‌ల బొమ్మలు. అందులోనే విమర్శ అన్న పేరుతో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి, ఎవరు ఏమన్నారు, దానికి ఏం మార్చారు, ఏది ఒప్పుకోలేదు, ఎందుకు ఒప్పుకోలేదు అన్నది తేదీలతో రాసుకోండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూడండి. ఏఎన్‌ఎస్‌ఐలో సేవ్ అయితే మళ్లీ తెరిచేసరికి తెలుగు బదులు ప్రశ్నార్థకాలే ఉంటాయి.